గంజాయి గడిలో గీత రాలేదు

ఉన్నదానికి కాస్త పోపు పెట్టి చెప్పడం నా అలవాటు. దాన్ని అబద్ధం అంటే మాత్రం నాకు కోపం వస్తుంది. హుద్‌హుద్ తుఫానుకి మా ఫ్యాక్టరీ షెడ్డు మీది రేకొకటి ఎగిరిపోయింది. అది నిజం. అది ఎచ్చెర్ల దాకా ఎగిరి అక్కడి యూనివర్సిటీలో సీటు సంపాదించుకుందని నేను చెప్పాను. అది పోపు. వినేవాళ్ళకి ఆ తేడా తెలుసనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

గరివిడి దాటాక రైలు పట్టాలకి అవతల, ముడిరాయి కరిగించి లోహం తీసే చిన్న ఫ్యాక్టరీ అది. పేరు చెప్పను. అందులో నేను క్రేను ఆపరేటర్ని. షెడ్డు కప్పుకి దగ్గరగా, ఇనుప నిచ్చెన ఎక్కి వెళ్ళే గది నాది. కింద కొలిమిలోంచి కరిగిన లోహం లాడిల్‌లోకి దిగుతుంది. లాడిల్ అంటే మనిషి నిలబడితే మునిగిపోయేంత ఇనుప గంగాళం. దాన్ని కొక్కేనికి తగిలించుకుని, తొణక్కుండా, షెడ్డు ఆ చివరికి తీసుకెళ్ళి అచ్చుల మీద వంచాలి. ఆ గది కిటికీలోంచి పొద్దున్నే ఎక్కడో సముద్రం ఒడ్డునున్న కళింగపట్నం లైటుహౌసు కనిపిస్తుందని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాణ్ణి. ఒకాయన నమ్మి ఎక్కి చూసి, దిగొచ్చి, "అవును, కనపడ్డాది" అన్నాడు. ఆ రోజంతా నాకే అనుమానం.

తుఫాను మరుసటి ఏడు మా సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చి కొత్త రూలు పెట్టించారు. క్రేను నడిపేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు, కొలిమి దగ్గర ఉండేవాళ్ళు మూత్రం పరీక్ష చేయించుకోవాలి. మత్తుపదార్థాలేవీ ఒంట్లో లేవని తేలాలి. మాకు నవ్వొచ్చింది. బయట ల్యాబు నుంచి ఒకమ్మాయి వచ్చి డిస్పెన్సరీలో బల్ల వేసుకుని కూర్చుంటే, పెళ్ళి భోజనాలకి వెళ్ళినట్టు వరసలో నిలబడ్డాం.

ఆ అమ్మాయి ఒక్కొక్కర్నీ అడుగుతోంది. "మందులేమైనా వాడుతున్నారా? బీపీ, షుగరు, ఫిట్సు, ఏవైనా?"

"ఏటీ నేవు తల్లీ. రుబ్బురోలు లాగున్నాను," అన్నాను.

అందులో పోపు లేదు. నాకు తెలిసినంతవరకు అది నిజమే.

మూత్రం పట్టి ఇచ్చిన ప్లాస్టిక్ కప్పుకి ఒక పక్కన నిలువు గడులు ఉన్నాయి. ఒక్కో గడి ఒక్కో మత్తుకి. కాసేపటికి వాటిలో ఎర్ర గీతలు తేలాయి. అంతకు ముందు మా మేనకోడలికి కడుపు నిలిచిందో లేదో చూసిన పట్టీ నాకు తెలుసు. రెండు గీతలొస్తే ఉన్నట్టు, ఒక గీతైతే లేనట్టు. ఆ లెక్కనే నా కప్పు చూసుకున్నాను. ఒక్కటి తప్ప అన్ని గడుల్లోనూ రెండేసి గీతలు! నేనెప్పుడూ పేరైనా వినని మత్తులన్నీ నాలో ఉన్నాయన్నమాట. ఒక్కదాంట్లో మాత్రం ఒకే గీత.

"ఆ ఒక్కటీ ఏటమ్మా?" అని అడిగాను.

"గంజాయి."

"హమ్మయ్య. అదైనా నేదు కదా."

ఆ అమ్మాయి నా మొహం చూసి నవ్వలేదు. "ఇది తిరగేసి చూడాలండి. రెండో గీత వస్తే లేనట్టు. రాకపోతే ఉన్నట్టు," అంది. కప్పులోంచి సగం తీసి ఒక సీసాలో పోసి, మూత బిగించి, సీలు వేసి, నా చేత దాని మీద సంతకం పెట్టించింది. వెనక వరసలో ఎవరో దగ్గారు. తిరిగి చూడలేదు.

అక్కణ్ణుంచి నన్ను పర్సనెల్ ఆఫీసరు గదికి పంపారు. మా ఉద్యోగాల సంగతులు చూసే ఆయన మా ప్రాంతం వాడు కాదు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాదకే నాకు చెమట పట్టింది.

"గేటు పాసు ఇక్కడ పెట్టండి. సీలు వేసిన సీసా హైదరాబాదు పంపుతాం. అక్కడ పెద్ద మిషను మీద మళ్ళీ చూస్తారు. అంతవరకు మీరు క్రేను ఎక్కకూడదు."

"అక్కడ కూడా ఇలాగే వస్తే?"

"వస్తే ఇక మీరు రానక్కర్లేదు."

"సారూ, నేను బీడీ కూడా ముట్టనండి. ఎవర్నైనా అడగండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మొన్న క్యాంటీన్‌లో మీరే చెప్పారు కదండీ. పార్వతీపురం అవతల కొండమీద పెళ్ళికి వెళితే, వంటవాడు చుట్టలో గంజాయి పెట్టి ఇచ్చాడని. నేను పక్క బల్ల మీదే ఉన్నాను."

చెప్పాను. నిజమే. ఒక్క దమ్ము లాగేసరికి దారి తప్పాననీ, గంజాయి తోటలో మేసిన మేకపోతు ఒకటి నన్ను స్టేషన్ దాకా దిగబెట్టి, టికెట్ల వరసలో నాకంటే ముందు నిలబడిందనీ కూడా చెప్పాను.

"అది కథ సారూ."

"మేక కథ అని నాకూ తెలుసు," అన్నాడాయన. "చుట్ట కూడా కథేనా?"

అవునన్నాను. కానీ ఆ అవును ఎంత పేలవంగా వచ్చిందంటే, నేనే అవతల కూర్చుని ఉంటే నమ్మేవాణ్ణి కాదు. జరిగింది ఇంతే: ఆ పెళ్ళికి వెళ్ళాను, వాన పట్టుకుంది, పాయసం తిన్నాను, జీపెక్కి వచ్చేశాను. ఈ మాటలు ఆయనకి చెబితే ఎవరో నేర్పిన సాక్ష్యంలా వినిపించాయి. నిజం చెప్పే అలవాటు లేని నోటికి నిజం ఎక్కడ ఒత్తి పలకాలో తెలియదు.

"విజయనగరంలో మన కంపెనీ డాక్టరుగారు ఉన్నారు. సోమవారం వెళ్ళి కలవండి. ఆవిడ అడిగినవి చెప్పండి. ఉన్నవి ఉన్నట్టు," అని పంపించేశాడు.

గేటు దగ్గర మా బావ కలిశాడు. మేనరికపు బావ కాదు. ఒకే వీధి, ఒకే ఫ్యాక్టరీ, చిన్నప్పట్నుంచీ ఆ పిలుపే. లాడిల్ దగ్గర కింద నిలబడి చేత్తో సైగలు చేసేది అతనే. పైనుంచి నాకు అతని మొహం కనపడదు, పసుపు టోపీ, ఎత్తిన చెయ్యి మాత్రమే కనపడతాయి. ఆ చేతిని చూసే ఇన్నేళ్ళూ దింపాను, ఎత్తాను.

"ఒరే బావా, నిజం సెప్పు. నానెవులికీ సెప్పను," అన్నాడు.

"ముట్టనేదురా."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

అతను కాళ్ళ కింద మట్టిని బూటుతో కెలుకుతూ నిలబడ్డాడు. "నువ్వు పైన నిప్పు మోసుకెల్తంటే నాను కిందుంటాను. ఆఫీసరుకేటి, పేపరొస్తే సాలు. నాకు తెలవాల కదరా."

"సెప్పాను కదా."

"నువ్వు సెప్పేది నాను ఇరవయ్యేళ్ళ బట్టి ఇంతన్నాను. అదే బాద," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆఫీసరు మాట కంటే ఆ మాట నన్ను ఎక్కువ తొలిచింది.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెబితే, చేట కింద పెట్టి నన్ను తేరిపార చూసింది. "గంజాయి తాగే మనిసైతే ఎర్రగా కళ్ళుంటాయి, బాగా ఆకలేత్తాది. నీకు రెండూ నేవు. నీకు ఉన్నాదల్లా నోరు," అంది. అది నమ్మకమో తిట్టో తెలియలేదు. కానీ ఆ సాయంత్రం గోడకి తగిలించిన నా చొక్కా జేబులు వెతుకుతుంటే చూశాను. నేను చూశానని తనకీ తెలుసు.

ఇక అక్కణ్ణుంచి బుర్ర నాది కాదు. ఎలా వచ్చింది? స్టేషన్ దగ్గర టీ కొట్టులో పక్కన కూర్చున్న లారీ డ్రైవరు కాల్చిన పొగా? ఊళ్ళో తీర్థంలో తిన్న పకోడీలో ఎవరైనా కలిపారా? నాకు పడనివాడెవడైనా ఫ్లాస్కులో వేశాడా? నాకు పడనివాళ్ళెవరా అని లెక్కపెట్టబోయి, నేను వెక్కిరించని మనిషి ఫ్యాక్టరీలో ఎవరూ మిగల్లేదని తేలి ఆ పని మానేశాను.

అన్నిటికంటే భయం వేసింది ఇంకొక దానికి. ఆ కొండమీది పెళ్ళి కథ ఎన్నిసార్లు చెప్పానో! చెప్పినప్పుడల్లా కొంచెం కొంచెం చేర్చాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే వంటవాడి మొహం కనపడుతోంది, మెడలో తువ్వాలు కనపడుతోంది, ఆ చుట్ట వాసన ముక్కుకి తగులుతోంది. వాన గుర్తుంది, పాయసం గుర్తుంది, చుట్టా గుర్తుంది. ఏది జరిగింది, ఏది నేను అల్లింది? అల్లిందే అని నాకు తెలుసు. తెలిసినా, ఆ కప్పు ఉందంటోంది కదా, మరి ఒకవేళ? నిజంగానే లాగి, లాగిన సంగతి మర్చిపోయి, దాన్నే కథగా చెబుతున్నానా? అది జరిగి ఏళ్ళయింది కదా, ఇన్నాళ్ళు ఒంట్లో ఉంటుందా అని ఎవర్నైనా అడుగుదామంటే, అడగడమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

సోమవారం పాసింజరెక్కి విజయనగరం వెళ్ళాం. నన్ను ఒక్కణ్ణి పంపితే డాక్టరమ్మకి కూడా మేకపోతు గురించి చెబుతానని మా ఆవిడ వెంట వచ్చింది. దారి పొడుగునా తను కిటికీ బయటికి చూసింది, నేను తన మొహంలోకి చూశాను. నెల్లిమర్ల దాటాక ఒక్క మాట అంది: "క్రేను నేకపోతే ఏటి సేత్తావు?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే?"

నాకు ఇంకో పని రాదు. పొలం మా నాన్న హయాంలోనే పోయింది. ఆ వయసులో, గంజాయివాడన్న పేరుతో, ఇంకే ఫ్యాక్టరీ క్రేను ఎక్కనిస్తుంది?

డాక్టరమ్మ నా వయసుదే. ఎదురుగా కూర్చోబెట్టి, "పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లోకి ఏమేం వెళుతుందో వరసగా చెప్పండి," అంది.

మొదలుపెట్టాను. వేపపుల్లతో మొదలుపెట్టి, ఆ వేపచెట్టు మా తాత ఎలా నాటాడో, ఆ పుల్ల వల్ల మా వంశంలో ఎవరికీ పన్ను ఎలా కదల్లేదో అందుకోబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తింది.

"కథ వద్దు. నోట్లోకి వెళ్ళింది మాత్రం."

అంత కష్టమైన పని నా జన్మలో చెయ్యలేదు. వేపపుల్ల. టీ. చద్దన్నం, ఉల్లిపాయ. షిఫ్టులో మజ్జిగ. మధ్యాహ్నం అన్నం, పప్పు, చేపలుంటే చేపలు. సాయంత్రం టీ, ఒక బజ్జీ. పోపు లేకుండా చెబితే నా బతుకు ఇంత చిన్నదా అనిపించింది.

"మాత్రలు?"

"నేవండి."

పక్కనుంచి మా ఆవిడ, "గ్యాసు బిళ్ళ సెప్పవేటి మావా?" అంది.

"అది మాత్రేటే?"

"మరేటి? పిప్పరమెంటా?"

"డాక్టరమ్మ అడిగేది మందుల గురించి. జరమొత్తే, నొప్పొత్తే ఏసుకునేవి. గ్యాసు బిళ్ళ అందరూ ఏసుకుంతారు. నువ్వు ఏసుకోవేటి?"

"నానూ ఏసుకుంతాను. నన్నెవులు పరీక్ష సేత్తన్నారు?"

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "ఏం మాత్ర? పేరు చెప్పండి."

పేరు నాకు తెలియదు. చిన్నది, పసుపు పచ్చది, పరగడుపున వేసుకునేది. మా వైపు ఏ ఇంటికి వెళ్ళినా కిటికీ మీద అద్దం, దువ్వెన, పళ్ళపొడి, వాటి పక్కన గ్యాసు బిళ్ళల పట్టీ ఉంటాయి. పొద్దున్న లేచి పళ్ళు తోముకుని అది మింగాకే టీ. చుట్టాలొస్తే వాళ్ళకీ ఒకటి ఇస్తాం. దాన్ని మందు అనుకోవడం నాకు తట్టనే లేదు. మా ఆవిడ చేతిసంచిలోంచి సగం వాడిన పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. ప్రయాణం కదా, తెచ్చింది.

డాక్టరమ్మ వెనక్కి తిప్పి చదివింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"శ్రీకాకుళంలో ఒక డాక్టరుగారు రాశారండి. కడుపులో మంటని ఎల్తే."

"ఎన్ని రోజులకి రాశారు?"

"నెల్లాళ్ళకి."

"అది ఎప్పుడు?"

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ పైకి చూసి లెక్కపెట్టింది. "మా పెద్దగుంట టెన్తు సదివినప్పుడమ్మా. ఇప్పుడు దానికి పిల్లడు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుందో, కోపం ఆపుకుందో! "నెల తర్వాత ఎందుకు ఆపలేదు?"

"నెల తరవాత కూడా అన్నం తింతన్నాను కదండీ," అన్నాను. మాకు అందులో తప్పేమీ కనపడలేదు. షాపువాడు చీటీ అడగడు, పట్టీ చూపిస్తే పట్టీ ఇస్తాడు.

అప్పుడావిడ చెప్పింది. ఆ కప్పు పరీక్ష మనిషిని దూరం నుంచి నడక చూసి పోల్చుకోవడం లాంటిదట. గంజాయి నడకలాంటి నడక ఇంకేదైనా నడిస్తే, అదే వస్తోందనుకుని పేరు పెట్టి పిలిచేస్తుందట. ఈ గ్యాసు మాత్ర వాడేవాళ్ళలో కొందరికి అలా తప్పు చూపించిన సందర్భాలు ఉన్నాయట. అందరికీ కాదు. దగ్గు మందులు, జలుబు మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు, డాక్టర్లు రాసే ఇంకా కొన్ని కూడా ఇలాగే ఒక్కోటి ఒక్కో మత్తు వేషం కడతాయట. అందుకే ముందే అడుగుతారు, మందులేమైనా వాడుతున్నారా అని.

"పెద్ద మిషను నడక చూడదు. మొహం చూస్తుంది," అంది.

నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. "అయితే నేను బయటపడ్డట్టేనా అమ్మా?"

"నేను అలా అనలేదు. ఇది కారణం కావచ్చు. నేను రిపోర్టులో రాస్తాను. కానీ మీరు నిజంగా తాగి ఉంటే, మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా, ఆ మిషను అదీ చెప్పేస్తుంది. తాగారా?"

ఆవిడ అడిగిన తీరులో వేళాకోళం లేదు. మా ఆవిడ కూడా నా వైపే చూస్తోంది. కొండ, వాన, వంటవాడు, తువ్వాలు అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి. వాటిలోంచి వంటవాణ్ణి తీసేశాను. చుట్ట తీసేశాను. వాన మిగిలింది, పాయసం మిగిలింది.

"నేదమ్మా," అన్నాను.

"సరే. హైదరాబాదు రిపోర్టు వచ్చేదాకా ఆగండి. ఈ మాత్ర ఇప్పటికి ఆపండి. కడుపు మంట తగ్గకపోతే నా దగ్గరికి రండి, చూసి వేరేది ఇస్తాను. షాపువాడి దగ్గరికి కాదు."

ఆగడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మాత్ర ఆపిన మర్నాటి నుంచి గుండె కింద కుంపటి అంటుకుంది. ఆ మంట గ్యాసుదో భయానిదో విడదీయలేకపోయాను. పొద్దున్నే కిటికీ దగ్గరికి చెయ్యి దానంతటదే పోయేది. మా ఆవిడ పట్టీని బియ్యం డబ్బాలో దాచేసి, గ్లాసుడు పల్చటి మజ్జిగ చేతిలో పెట్టేది. ఫోను మోగితే గుండె ఆగేది, మోగకపోతే ఇంకా భయం. వీధిలోకి వెళితే జనం పలకరించేవారు. "బావున్నావా?" అనే పలకరింపులో కూడా నాకు గంజాయే వినిపించేది. ఎవరైనా కథ చెప్పమంటే నోరు పెగిలేది కాదు. ఒకసారి మాత్రం టీ కొట్టులో ఉండబట్టలేక, గ్యాసు బిళ్ళ వల్ల గంజాయి ఉన్నట్టు చూపిస్తుందట అని ఉన్నదున్నట్టు చెప్పాను. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. "మేకపోతు కంటే ఇది బాగున్నాది మావా," అన్నారు. నా కథలన్నిటిలోకీ ఎక్కువ నవ్వు తెప్పించింది అదే.

బావ మా ఇంటి పక్కకి రావడం మానేశాడు. నా క్రేను మీదికి వేరే షిఫ్టు మనిషిని వేశారని, అతను లాడిల్ దింపేటప్పుడు కుదిపేస్తున్నాడని ఎవరో అన్నారు. కింద నిలబడేది మా బావే కదా అని నాకు అన్నం సహించలేదు.

ఫోను వచ్చింది ఒక పొద్దున్న. పెరట్లో మా ఆవిడ బట్టలు జాడిస్తోంది. ఆఫీసరు గొంతు ఎప్పట్లాగే మర్యాదగా ఉంది. హైదరాబాదు రిపోర్టు వచ్చిందట. గంజాయి లేదట. డాక్టరమ్మ రాసినట్టు మాత్ర వల్లే కావచ్చట. సాయంత్రం షిఫ్టుకి రమ్మన్నాడు. ఇక ముందు పరీక్షకి వచ్చే ప్రతివాణ్ణీ గ్యాసు మాత్ర గురించి పేరు పెట్టి అడగమని ల్యాబుకి చెప్పాడట.

"ఏటంట?" అని మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేదంట. మిషను నేదన్నాదంట. సాయంత్రం రమ్మన్నారు."

మొహం వెలుగుతుందనుకున్నాను. నన్ను ఎగాదిగా చూసింది. "మళ్ళీ సెప్పు."

"నేదంటే నేదంట."

"మేకపోతు మీద ఒట్టా?"

"ఒసే, సారు ఇంకా లైన్లోనే ఉన్నారే!"

నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "బాబూ, మా ఆయన సెప్పింది నిజమేనేటి బాబూ?" అని అడిగింది. ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. తను మాత్రం చాలాసేపు ఊ కొట్టింది. ఒక చేత్తో అరుగు పట్టుకుని నెమ్మదిగా కూచుంది. తరువాత ఫోను నాకిచ్చి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, "యూనిఫారం తడిపీసేను కదా, ఎప్పుడారుతాది," అంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఫోనులో ఆఫీసరు అడుగుతున్నాడు. "ఇంకెవరికైనా చెప్పాలా?"

ఆయన వేళాకోళంగానే అడిగాడు. నేను మాత్రం, "ఒక్కడున్నాడు సార్, లైన్లో ఉండండి," అన్నాను. ఫోనుని కోడిగుడ్డులా పట్టుకుని, చెప్పుల్లేకుండానే, వీధి చివర బావ ఇంటికి వెళ్ళాను. అతను వసారాలో గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం సబ్బు. ఏమీ చెప్పకుండా ఫోను ఇచ్చాను. సబ్బు లేని చెవికి ఆనించుకున్నాడు.

"ఆఁ సార్... ఆఁ... గ్యాసు బిళ్ళా?... ఆఁ, నానూ ఏసుకుంతాను సార్."

ఫోను తిరిగి ఇచ్చేశాడు. కత్తి నీళ్ళలో ముంచి, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"నాదీ సాయంత్రం షిఫ్టే. నాలుగింటికి బండి తీత్తాను. బేగి వచ్చీ."